పండు అన్న మాటలో దాగని నేరం

ప్రశ్న: సమాజాన్ని నిలదీసే పాటలు రాసే కవులు విషయాన్ని నేరుగా చెప్పక ప్రతీకలను ఎందుకు ఆశ్రయిస్తారు? అది భయం వల్లనా, అందం కోసమా? నేనూ పాటలు రాస్తున్నాను. చీకటి, సంకెళ్లు, ఉషోదయం లేకుండా నాకు ఒక్క చరణమైనా రావడం లేదు.

జవాబు: నిషేధాలు ఉన్న కాలంలో భయం కూడా ఒక కారణమే. అయితే మంచి పాటలో ప్రతీక విషయాన్ని దాచదు. సూటి మాట చేరలేని చోటికి దాన్ని చేరవేస్తుంది.

ఏబెల్ మీరోపోల్ అనే అమెరికన్ ఉపాధ్యాయుడు 1937లో ప్రచురించిన కవితను, గాయని బిల్లీ హాలిడే 1939లో ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ పేరుతో పాటగా రికార్డు చేశారు. నల్లజాతివారిని మూకలు చంపి చెట్లకు వేలాడదీసిన దారుణం దాని వస్తువు. అయినా పన్నెండు పాదాల ఆ పాటలో హత్య అన్న మాట గానీ, హంతకుల ప్రస్తావన గానీ లేదు. గాలికి ఊగే నల్లని దేహాలు, చెట్టుకు వేలాడే వింత పండు మాత్రం ఉన్నాయి. రెండో చరణాన్ని అమెరికా దక్షిణాది పల్లెసీమ సొగసును పొగుడుతున్నట్టే మొదలుపెట్టి, ఆ పొగడ్త పక్కనే ఉబ్బిన కళ్లను చూపడం మన ఆలంకారికులు చెప్పిన వ్యాజస్తుతికి, అంటే పొగడ్త రూపంలో నిందించడానికి, దగ్గరగా ఉంటుంది. పూల పరిమళం వెంటనే కాలిన మాంసం వాసన వస్తుంది. చివరి పాదాలలోని క్రియలను గమనించండి: కాకులు పీకుతాయి, వాన పోగుచేసుకుంటుంది, గాలి పీలుస్తుంది, ఎండ కుళ్లబెడుతుంది, చెట్టు రాలుస్తుంది. అన్ని పనులకూ కర్తలు కనిపిస్తారు గానీ అసలు పని చేసిన మనుషులు కనిపించరు. ఆ ఖాళీయే నేరారోపణ. పాట ‘పంట’ అన్న మాటతో ముగిసేసరికి, విత్తినదెవరు అన్న ప్రశ్న వినేవారి మనసులో దానంతట అదే పుడుతుంది. సంస్కృత ఆలంకారికుడు ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ అన్న ధ్వని, అంటే పైకి చెప్పకుండా స్ఫురింపజేసే అర్థం, పనిచేసే తీరు ఇదేనని నాకు అనిపిస్తుంది. పండుకు బదులు పువ్వు అని ఉంటే విత్తనమూ, వేరూ, పంటా కలిసిన ఈ అర్థం నిలిచేది కాదు.

అలాగని సూటి మాట తక్కువది కాదు. గరిమెళ్ల సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనము’ పాటలో పల్లవికి ఏ ముసుగూ లేదు. చరణం ఒక్కొక్క బాధను చెప్పిన ప్రతిసారీ ‘వద్దు’ అన్న అదే మాట తిరిగివచ్చి మరింత బరువెక్కుతుంది. అందులోని ఉప్పు నిజంగా పన్ను పడిన ఉప్పు, పరాధీనతకు గుర్తు కూడా. వస్తువు మొదట వస్తువుగా నిలిచింది కాబట్టే ప్రతీక కాగలిగింది.

మీరు చెప్పిన చీకటి, సంకెళ్లు, ఉషోదయం అరిగిపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది: వాటిలో వస్తువు మాయమై గుర్తు మాత్రమే మిగిలింది. వాటిని పూర్తిగా వదిలేయనక్కరలేదు. ఆ చీకటి ఎవరి గదిలోనిదో, అక్కడ దీపం ఎందుకు లేదో మొదటి చరణంలో కనబడనిచ్చి, ఆ తరువాతే ఆ మాటను పల్లవిలోకి తెచ్చి చూడండి.