ఆరెంజ్ కారు ఉంచుకోనా, అమ్మేయనా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, నోవైలో ఉంటాం. కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజినీర్‌ని. డెట్రాయిట్‌లో ఎంఎస్ చదివే రోజుల్లో, 2006 జనవరిలో, అక్కడి ఆటో షోలో డాడ్జ్ చాలెంజర్ కాన్సెప్ట్ కారు (ప్రదర్శన కోసం చేసే నమూనా) చూశాను. ఆరెంజ్ రంగు, నల్ల చారలు. అప్పటి నుంచి అది నా మనసులోంచి పోలేదు. 2023 డిసెంబరులో చాలెంజర్ల తయారీ ఆగిపోయాక ఇక ఆగలేక, 1970 నాటి పాత చాలెంజర్ ఒకటి కొని ఆ కాన్సెప్ట్ కారులా చేయించుకున్నాను. ఇంజిన్ కూడా కొత్త తరం హెమీ వేయించాను. ఖర్చు 40 వేల డాలర్లని నా భార్యకు చెప్పాను. నిజానికి 90 వేలు దాటింది. అందులో 35 వేలు నా 401కె (జీతంలోంచి కట్టే రిటైర్‌మెంట్ పొదుపు) నుంచి తీసుకున్న లోన్. ఈమధ్య ఆ స్టేట్‌మెంట్ ఆమె కంటపడింది. 'వంటగది బాగుచేయిద్దామంటే డబ్బుల్లేవన్నావు' అని ఒక్క మాట అని, ఇక మాట్లాడటం మానేసింది. కారు అమ్మేస్తేనే మాట్లాడుతుందట. మా అబ్బాయికి 16 ఏళ్లు. వాడు నా పక్షమే, పార్శిళ్లు వస్తే వాడే గరాజ్‌లో సర్దేసేవాడు. మా దగ్గరికి వచ్చిన మా అమ్మ 'తాగుడా, పేకాటా, కారే కదా' అంటే గొడవ ఇంకా పెరిగింది. నా ఇష్టం ఆమెకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి? – పేరు రాయవద్దన్న పాఠకుడు

సలహా: మీ ఇష్టం ఆమెకు అర్థం కాలేదని ఎందుకనుకుంటున్నారు? పెళ్లయినప్పటి నుంచి ఆ కారు కబుర్లు వింటూనే ఉండి ఉంటారు. మీరు 40 వేలన్నప్పుడు ఆమె గొడవ చేసినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అంత మొత్తానికి ఊరుకున్నారంటే మీ సరదా తెలిసే ఊరుకున్నారు. ఆమె నోరు మూతపడింది స్టేట్‌మెంట్ చూశాకే. కాబట్టి ఇష్టం గురించి కొత్తగా వివరించాల్సింది ఏమీ లేదు. వివరించాల్సింది మిగతా 50 వేల గురించి.

మీ కోరికను నేను తప్పు పట్టను. మీరు చూసిన ఆ కాన్సెప్ట్ కారును 1970 మోడల్ మీద మోజుతోనే గీశారు. 6.1 లీటర్ల హెమీ ఇంజిన్, 425 హార్స్ పవర్, ఆరు గేర్ల మాన్యువల్. 2008లో అది నిజం కారై షోరూముల్లోకి వచ్చింది. పాతదాన్ని చూసి వాళ్లు కొత్తది చేశారు, మీరు ఆ కొత్తదాన్ని చూసి పాతదాన్ని మార్చారు. కార్ల ఊళ్లో కార్ల పనే చేసే మనిషికి ఈ పిచ్చి పట్టకపోతేనే ఆశ్చర్యం. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, కాన్సెప్ట్ కారు స్టేజీ మీద తిరగడానికి చేసేది. దానికి ఇన్సూరెన్సు కట్టక్కర్లేదు, ఐదు నెలల చలికాలం ఎక్కడ పెట్టాలన్న బాధ లేదు, మంచు కరగడానికి రోడ్డు మీద చల్లిన ఉప్పుకి తుప్పు పట్టదు. అలాంటిదాన్ని చూసి ఇంట్లో కారు తయారుచేసుకుంటే పని ఎక్కడ పూర్తయిందో ఎప్పటికీ తేలదు. ఇంకో చక్రం, ఇంకో సీటు కవరు, ఇంకో బిల్లు. మీ 40 వేలు 90 వేలైంది ఇలాగే కదా?

ఇక 401కె లోన్ సంగతి. మీరు దీన్ని 'నా డబ్బే నేను తీసుకున్నాను' అనుకుని ఉంటారు. ఉద్యోగం ఉన్నంతకాలం జీతంలోంచి కొంచెం కొంచెం తీరిపోతుంది, నిజమే. ఉద్యోగం పోయిందనుకోండి, చాలా ప్లాన్లలో మిగిలిన బాకీ మొత్తం అప్పుడే మీద పడుతుంది. ఆ ఏడాది టాక్స్ రిటర్న్ గడువులోగా సర్దలేకపోతే ఆ డబ్బు మీరు పూర్తిగా తీసేసుకున్నట్టే లెక్క. దాని మీద ఆదాయపు పన్ను, మీకు 59న్నర ఏళ్లు నిండలేదు కాబట్టి పైన 10 శాతం పెనాల్టీ. మీ భార్య భయం ఇక్కడుందని నా అనుమానం. 2009లో డాడ్జ్ కార్లు చేసే క్రైస్లర్ కంపెనీ దివాలాకు వెళ్లినప్పుడు మీ చుట్టుపక్కల ఎన్ని ఇళ్లలో ఉద్యోగాలు పోయాయో మీకు తెలుసు. ఆమె ఆ రోజుల్ని అక్కడ చూసినా, మీ నోటి వెంట విన్నా, ఆటో పరిశ్రమ జీతం మీద నడిచే ఇంట్లో రిటైర్‌మెంట్ డబ్బు చెప్పకుండా కదిలిందంటే గుండె జారుతుంది. వయసు మళ్లాక తినాల్సిన డబ్బులో ఆమె వాటా కూడా ఉంది.

వంటగది మాట కూడా ఆవిడ ఊరికే అనలేదు. 'డబ్బుల్లేవు' అని మీరన్నప్పుడు నమ్మి, కోరిక దాచుకున్నారు. అలాగని రేపే కాంట్రాక్టర్‌ని పిలిచి కొలతలు తీయించకండి. ఇంకో అప్పు చేసి గ్రానైట్ వేయిస్తే అది లంచంలా ఉంటుంది, పైగా నిజంగానే అప్పు పెరుగుతుంది.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించింది పార్శిళ్ల సంగతి. మీరు దాన్ని ముద్దుగా రాశారు. పదహారేళ్ల పిల్లాడితో తల్లి దగ్గర గుట్టు దాయించారండీ. వాడు రేపు తన మార్కులో, తన ఖర్చో దాస్తే ఏ మొహంతో అడుగుతారు? ఆమె వింటుండగానే వాడితో చెప్పండి: 'నీ చేత దాయించడం నాది తప్పు, ఇందులో నువ్వు ఎవరి పక్షమూ తీసుకోనక్కర్లేదు' అని. ఇంకోమాట, ఆ కారు తాళం వాడి చేతికి ఇప్పుడే ఇవ్వకండి. 1970 బాడీకి ఎయిర్‌బ్యాగులు లేవు. అంత పవరున్న ఇంజిన్ లైసెన్సు కొత్తగా వచ్చిన పిల్లలకు కాదు.

మీ అమ్మగారిది పెద్దమనసే అయుండొచ్చు కానీ 'తాగుడా, పేకాటా' అన్న పోలికతో కోడలి మీద ఇంకో బరువు పడింది. మొగుడు తాగడం లేదని ఆమె సంతోషించాలన్నమాట! అమ్మా, ఇది మా ఇద్దరి సంగతి, నువ్వు ఏమీ అనకు అని మీరే మెత్తగా చెప్పాలి.

అమ్మాలా వద్దా అంటే, ఈ కోపంలో అమ్మొద్దు అంటాను. ఒకరి అభిరుచికి తగ్గట్టు మార్చిన పాత కారుకి పెట్టిన డబ్బంతా తిరిగి రావడం అరుదు. పాత కార్లు కొనేవాళ్లలో చాలామంది ఫ్యాక్టరీలో వచ్చిన ఇంజినే కావాలంటారు. మిగతావాళ్లకు వాళ్ల సొంత కల ఒకటి ఉంటుంది, అది మీ ఆరెంజ్ కాకపోవచ్చు. పాత ఇంజిన్ మీ దగ్గరే ఉంటే దాన్ని పారేయకండి, కారుతో పాటు ఇస్తే విలువ నిలుస్తుంది. మంచు రోజుల్లో తొందరపడి అమ్మితే ఇంకా నష్టం. కొనేవాళ్ల కళ్లు తెరుచుకునేది వసంతంలో. ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే పాత కార్ల ఊరేగింపు, డ్రీమ్ క్రూజ్, దగ్గరపడే కొద్దీ మీ ప్రాంతంలో ఈ కార్ల మీద వేడి ఎలా ఉంటుందో నాకంటే మీకే బాగా తెలుసు.

అయితే 'కారు అమ్మను' అన్న మాటకు షరతు ఉండాలి. ముందు సర్టిఫైడ్ అప్రెయిజర్‌తో విలువ కట్టించండి. ఇన్సూరెన్సు మామూలు ఆటో పాలసీ మీద ఉంటే మార్చి, ముందే ఒప్పుకున్న విలువ ఇచ్చే క్లాసిక్ కార్ల పాలసీ తీసుకోండి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు మీరు పెట్టిన మార్పుల ఖర్చు లెక్కలోకి రాకపోవచ్చు. 401కె లోన్ తీరేదాకా కారుకి కొత్త వస్తువు ఒక్కటీ కొనరు. మీకొచ్చే బోనస్ లోన్‌కే వెళ్తుంది. ఉద్యోగం పోతే, లేదా లోన్ ఫలానా తేదీకి తీరకపోతే, కారు అమ్మకానికి పెడతారు. ఈ తేదీ ఆమె చెప్పాలి, మీరు కాదు. ఇవన్నీ కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. భార్యాభర్తల మధ్య సంతకాలేమిటని నవ్వొస్తుందేమో, మీ నోటిమాట విలువ ప్రస్తుతం 50 వేలు తగ్గి ఉంది మరి.

ఇన్నీ చేశాక కూడా ఆమె 'అమ్మాల్సిందే' అంటే అమ్మండి. డ్రీమ్ క్రూజ్‌కి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంటే మనసు మారుతుందని మాత్రం ప్లాన్లు వేయకండి. కారు ఆమెకు ఎప్పటికీ నచ్చకపోవచ్చు, ఆ హక్కు ఆమెకుంది.

మాట మొదలుపెట్టేది గరాజ్‌లో కాదు, అబ్బాయి ఇంట్లో లేనప్పుడు, డైనింగ్ టేబుల్ దగ్గర. లోన్ స్టేట్‌మెంట్, కారు బిల్లులన్నీ, క్రెడిట్ కార్డు మీద ఇంకేమైనా ఉంటే అది కూడా ముందు పెట్టండి. నిజాన్ని వాయిదాల్లో చెప్పొద్దు. 90 వేలన్నాక వచ్చే నెల ఇంకో ఆరు వేలు బయటపడితే నేను రాసిందేదీ పనికిరాదు. అంకె చెప్పాక 'ఎందుకంటే' అని మొదలుపెట్టకుండా, ఆమె అడిగేదాకా ఆగండి. ఆమె ఆ రోజు ఏమీ అనకపోవచ్చు. అప్పుడు ఇద్దరూ కలిసి మీ ఊళ్లో ఒక ఫ్యామిలీ థెరపిస్ట్‌ని కలవడానికి ఆమె ఒప్పుకుంటారేమో అడగండి. మీ కంపెనీ ఉద్యోగులకు ఉచిత కౌన్సెలింగ్ సదుపాయం ఉందేమో కూడా ఈలోగా హెచ్ఆర్ దగ్గర కనుక్కోండి.