అమ్మాయి గది తలుపు వేసుకుంటోందా? వేసుకోనివ్వండి

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఏ. సోషియాలజీ చివరి ఏడాది. కరోనాతో హాస్టల్ ఖాళీ చేయించారు. ప్రాజెక్టు కోసం ఇంట్లోంచే ఫోన్లో, జూమ్‌లో గృహహింస బాధితులతో మాట్లాడుతోంది. గంటలకొద్దీ తలుపు వేసుకుంటుంది, ఏంటని అడిగితే చెప్పదు. ఒకరోజు ఏడుస్తూ కనిపించింది. ఇది మాన్పించి లక్ష ఫీజు కట్టి డేటా సైన్స్‌లో చేర్పిద్దామనుకుంటున్నా. రెండింటిలో దేనికి భవిష్యత్తు ఉంది?
(ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: లాక్‌డౌన్ మొదలయ్యాక ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తున్నాయి. కోర్సుల పేర్లు మారతాయి, భయం ఒకటే. ఇవన్నీ విన్న పిల్ల పెళ్లి వద్దంటుందేమో, నలుగురికీ తెలిస్తే సంబంధాలు రావేమో అని మీ టెన్షన్. అది రాయలేక డేటా సైన్స్ అని రాశారు.

అడిగితే చెప్పదన్నారు. చెప్పకూడదండీ. పేరు, విషయం బయటికి పోవని మాటిచ్చాకే ఇంటర్వ్యూ మొదలవుతుంది. తండ్రికైనా చెప్పనన్నట్టే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా హింస గురించిన ప్రశ్నలు ఇంటికి ఒక్క మహిళనే, అదీ పక్కన ఎవరూ లేనప్పుడే అడుగుతారు. లాక్‌డౌన్‌లో ఆ ఏకాంతమే కరువైంది. 2020 ఏప్రిల్‌లో జాతీయ మహిళా కమిషన్ ఫిర్యాదులకు ప్రత్యేకంగా వాట్సాప్ నంబరు పెట్టింది. భర్త ఇంట్లోనే ఉంటే ఫోన్లో గట్టిగా ఎలా మాట్లాడతారు? బట్టలారేసే నెపంతో డాబా ఎక్కి గొంతు తగ్గించి మాట్లాడే మనిషికి ఇటువైపు నుంచి మీ దగ్గు వినపడితే చాలు, ఫోన్ పెట్టేస్తుంది. మళ్లీ ఎత్తదు. కాబట్టి తలుపు దగ్గర తచ్చాడటం మానండి. ఆ రికార్డింగులున్న ల్యాప్‌టాప్‌లోనే ఇంట్లో ఇంకెవరైనా ఆన్‌లైన్ క్లాసులు వింటుంటే అదీ ఆపించండి. లక్ష సిద్ధంగా ఉందిగా, అందులోంచి ఓ ట్యాబ్ కొనండి.

ఏడుపు మాత్రం తేలిగ్గా తీసుకునేది కాదు. క్యాంపస్‌లో అయితే ఇంటర్వ్యూ ముగిశాక నలుగురిలో కూర్చుని టీ తాగి తేరుకునేది. ఇప్పుడు ఫోన్ పెట్టేసి నేరుగా మీ పక్కన అన్నానికి కూర్చోవాలి. రోజుకు ఒక్క ఇంటర్వ్యూ చాలనండి. ఎప్పుడు ఆపేయాలి, ప్రమాదంలో ఉన్నావిడకు 181 హెల్ప్‌లైన్, బాధిత మహిళలకు సాయం చేసే సఖి కేంద్రం వివరాలు ఎలా ఇవ్వాలి అన్నది గైడ్ ముందే నేర్పి ఉండాలి. నేర్పకపోతే నిలదీయాల్సింది ఆయన్ని, పిల్లను కాదు.

ఇక డేటా సైన్స్. ఆరు నెలల్లో ఉద్యోగం గ్యారంటీ అనే ప్రకటనల మీద నాకు గురి లేదు. లెక్కలు, స్టాటిస్టిక్స్ పునాది లేకుండా టూల్స్ మాత్రం నేర్చుకున్నవాళ్లు ఉద్యోగ ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తడబడుతున్నారు. చదువు చెడ్డదని కాదు, ఇష్టం లేని పిల్లను అందులోకి తోస్తే డబ్బూ పోతుంది, ఏడాదీ పోతుంది. తనకే ఆసక్తి ఉంటే ఎస్‌పీఎస్‌ఎస్, ఆర్ లాంటి గణాంక సాఫ్ట్‌వేర్లు నేర్చుకోనివ్వండి, సొంత రంగంలోనే అక్కరకొస్తాయి. లెక్చరర్ ఉద్యోగానికి, పరిశోధనకు రాసే జాతీయ అర్హత పరీక్ష నెట్ సంగతి తనకు తెలిసే ఉంటుంది. అందులో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీ చేస్తూ నెలనెలా డబ్బు వస్తుంది. ప్రజారోగ్య సర్వేలు, స్వచ్ఛంద సంస్థలు, కంపెనీల్లో వాడకందారుల అవసరాలు తెలుసుకునే యూజర్ రీసెర్చ్ కూడా ఉన్నాయి. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ అంత ఉండదు, అది నిజమే.

పెళ్లంటారా, ఇవన్నీ విన్న పిల్ల సంబంధం చూసేటప్పుడు అడగాల్సినవి అడుగుతుంది. దానివల్ల మీకేం నష్టం?

ప్రాజెక్టు ఇచ్చేదాకా కోర్సు మాట ఎత్తకండి. తర్వాత కూడా అనుమానాలుంటే ఈసారి ఉత్తరం తనను రాయమనండి.