ప్రణవ్‌కు, ఆనర్స్ క్లాసుల గురించి

చిరంజీవి ప్రణవ్‌కు పెద్దమ్మ ఆశీస్సులు.

జనవరిలో నువ్వు క్యాథలిక్ హైస్కూళ్ల ప్రవేశ పరీక్ష హెచ్‌ఎస్‌పీటీ రాస్తున్నావనీ, తొమ్మిదో తరగతిలో నాలుగు సబ్జెక్టులూ ఆనర్స్‌లోనే, అంటే మామూలు క్లాసుకన్నా కష్టమైన పై స్థాయిలోనే, తీసుకోవాలని ఇంట్లో అనుకుంటున్నారనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఈ కాలిఫోర్నియాలోనే ఇద్దరు పిల్లలను క్యాథలిక్ హైస్కూలు గట్టెక్కించినదాన్ని కనుక, అడగకపోయినా రాస్తున్నాను.

పరీక్ష సంగతి త్వరగా చెప్పేస్తాను. అయిదు భాగాలు, 298 ప్రశ్నలు. మాటల అర్థాలు, తర్కం అడిగే వెర్బల్‌ భాగంలో 60 ప్రశ్నలకు ఇచ్చేది 16 నిమిషాలే. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు, కాబట్టి ఒక్కటీ ఖాళీగా వదలకు. మీ అక్క తెలిసిన జవాబులే రెండుసార్లు సరిచూసుకుంటూ కూర్చుని చివరి పది ప్రశ్నల మొహమే చూడలేదు. గడియారం ఎదురుగా పెట్టుకుని నాలుగు నమూనా పేపర్లు చెయ్యి.

అయితే ఆనర్స్‌లో చోటు ఆ ఒక్క పరీక్షతోనే తేలదు. సాధారణంగా ఏడు, ఎనిమిది తరగతుల మార్కులు, టీచర్ల సిఫారసు కూడా చూస్తారు. లెక్కలకు చాలా స్కూళ్లు విడిగా పరీక్ష పెడతాయి. అర్థం కానిది అడిగే పిల్లవాడి గురించి టీచర్ నాలుగు మంచి మాటలు రాయగలరు. నువ్వేమో అన్నీ తెలిసినట్టు తల ఊపుతావు!

అసలు జాగ్రత్త పడాల్సింది లెక్కల దగ్గర. తొమ్మిదిలో జామెట్రీతో మొదలుపెడితే ఆల్జీబ్రా 2, ప్రీకాల్‌క్యులస్ దాటి పన్నెండులో కాల్‌క్యులస్ అందుతుంది. అందుకే అందరికీ హైస్కూల్లో ఆల్జీబ్రా 1 ఎగ్గొట్టాలన్న తొందర. మీ అన్నయ్యనూ అలాగే తోశాం. జామెట్రీ ఆనర్స్ బాగానే నడిచింది. మరుసటి ఏడాది ఆల్జీబ్రా 2 ఆనర్స్‌లో పునాది కదిలి సి గ్రేడు వచ్చింది. ఆ తప్పు వాడిది కాదు, మాది. వర్గ సమీకరణాలు, మాటల్లో ఇచ్చే లెక్కలు ఎవరి సాయమూ లేకుండా చేయగలవా? ఒక ఆదివారం కూర్చుని చూసుకో. చేయగలిగితే జామెట్రీ ఆనర్స్ అడుగు. తడబడితే ఆల్జీబ్రా 1 మళ్లీ చదవడం నామోషీ కాదు.

ఇంకో మాట మీ నాన్నకు చదివి వినిపించు. యూసీ, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, విశ్వవిద్యాలయాలు తమ జీపీఏ (గ్రేడ్ల సగటు) లెక్కలో తొమ్మిదో తరగతి గ్రేడ్లు కలపవు. అదనపు పాయింటు దక్కేది 10, 11 తరగతుల్లో తాము గుర్తించిన ఆనర్స్, ఏపీ (కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) వంటి కోర్సులకే, అదీ ఎనిమిది సెమిస్టర్లకు మించి కాదు. తొమ్మిదిలో చదివినది పై క్లాసులకు దారి వేస్తుంది, నిజమే. దానికి నాలుగూ అక్కర్లేదు. లెక్కలు, నీకు ఇష్టమైన బయాలజీ చాలు. ఇంగ్లిష్ ఆనర్స్‌కు వారానికి ఎన్ని పేజీలు చదవాలో, ఎన్ని వ్యాసాలు రాయాలో ఆ స్కూల్లో పై తరగతి పిల్లలను అడుగు. సాకర్ నుంచి ఆరింటికి ఇల్లు చేరేవాడికి ఆ పేజీలే అసలు లెక్క.

“ముందు ఆనర్స్ క్లాసులో చేరు, కష్టమైతే దిగిపోవచ్చు” అని చాలామంది అంటారు. నాకది నచ్చదు. మార్చుకునే గడువు మొదటి కొద్ది వారాలే ఉంటుంది, కష్టం బయటపడేది ఆ తర్వాతే. మామూలు క్లాసులో ఎ గ్రేడు తెచ్చుకుని, టీచర్ మాటతో మరుసటి ఏడాది ఆనర్స్‌కు వెళ్లవచ్చా అని స్కూలు కౌన్సిలర్‌ను ఇప్పుడే అడిగి ఉంచు.

కోర్సుల కాగితం చేతికి రాగానే, సంతకం పెట్టకముందే నాకు ఫోను చెయ్యి. మీ నాన్నను కూడా పక్కన కూర్చోబెట్టుకో.

ప్రేమతో,
పెద్దమ్మ