మత్స్యావతారం, నోవహు ఓడ, మా ఇంటి స్తంభం మీద మేకు గీత

అడిగింది ఇదీ: "మా అబ్బాయి ఐదో క్లాసు. బడిలో ఫ్రెండ్ బైబిల్లోని నోవహు ఓడ కథ చెప్పాడట. ఇంటికొస్తే మా అమ్మ మత్స్యావతారం చెప్పింది. రెండూ నిజంగా జరిగాయా అని ప్రాణం తీస్తున్నాడు. ఈ జలప్రళయం కథల్ని ఉన్నదున్నట్టు నమ్మాలా?"

నన్నడిగితే, ఉన్నదున్నట్టు నమ్మక్కర్లేదు. కట్టుకథలని తీసిపారేయడానికి మాత్రం నాకు నోరు రాదు. ఎందుకో చెప్పాలంటే మా మామ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

మాది కోనసీమలో ఒక లంక. 1986 ఆగస్టులో పెద్ద గోదావరి వచ్చినప్పుడు నాకు ఆరేళ్లు. భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకి ఇస్తారు. ఆ ఏడు అక్కడ నీళ్లు 75.6 అడుగులకి చేరాయి. మా ఊళ్లో డాబా అంటే బడి ఒక్కటే, ఊరంతా దానిమీదికే ఎక్కాం. మామ్మ నన్ను వీపు మీద వేసుకుని, చేత్తో ఎండిన సొరబుర్ర ఒకటి పట్టుకుని నీళ్లలో నడిచొచ్చింది. అందులో బూడిద కలిపి దాచిన బీర, పొట్ల, గుమ్మడి విత్తనాలు. అటక మీద నానుతాడు మర్చిపోయి సొరబుర్ర తెచ్చిందని తాతయ్య చాలా ఏళ్లు దెప్పాడు.

డాబా మీద మా పక్కనే పాస్టరు గారి కుటుంబం. రెండో రోజు ఆయన పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఓడ కథ చెబుతుంటే మామ్మ అందుకుంది. "ఏవండీ పాస్టరు గారూ, మీ నోవహుకి ముందే చెప్పాడు కదా దేవుడు. మనకి ఒక్కరూ చెప్పలేదేంటండీ?" ఆయన నవ్వేసి, "మీ చేప కూడా మనువుకి ముందే చెప్పిందటగా అమ్మా, మరి మీకు చెప్పలేదా?" అన్నారు. ఆ రాత్రి మామ్మ చేప కథ చెప్పింది. ఆవిడ కథలో ఆ చేప పులస. ఎర్రనీరు వచ్చినప్పుడు ఏటికి ఎదురీదే చేప పులసే కదా, ఇంకేముంటుంది!

నీళ్లు తీశాక నాన్న ఇంటి ముందు స్తంభం మీద నీటి మరక ఎంతవరకుందో చూసి మేకుతో గీత గీశాడు. ఇప్పుడు నిలబడితే నా గుండెల దాకా వస్తుంది. మామ్మ చెప్పే కథలో మాత్రం నీళ్లు ఏడాదికేడాది పెరిగాయి. మొదట దూలం దాకా, తర్వాత చూరు దాకా, నేను ఇంటర్‌కి వచ్చేసరికి కొబ్బరిచెట్టు మొవ్వు దాకా. ఫిజిక్సు చదువుతున్నానన్న పొగరుతో ఒకరోజు స్తంభం దగ్గరికి తీసుకెళ్లి గీత చూపించాను. "ఆ గీత గీసినప్పుడు నీళ్లు పోయాయిరా. నీళ్లున్నప్పుడు నువ్వు నా వీపు మీద కళ్లు మూసుకుని ఉన్నావు," అని లోపలికి వెళ్లిపోయింది.

పురాణాల్లో ప్రళయం గురించి చదివినప్పుడల్లా నాకు ఆ స్తంభమే గుర్తొస్తుంది. డాబా మీద నిలబడితే చుట్టూ ఐదారు కిలోమీటర్ల మేర నీళ్లు తప్ప ఏమీ కనపడలేదు. పల్లపు నేలలో బతికేవాడికి లోకమంతా మునిగిందంటే అంతే. ఇరాక్‌లో యూఫ్రటీస్, టైగ్రిస్ నదుల మధ్య నేల కూడా మన డెల్టా లాంటిదే. బైబిల్ కథకి పాత రూపాలు దొరికింది అక్కడే. 1872లో బ్రిటిష్ మ్యూజియంలో జార్జ్ స్మిత్ అనే ఆయన ఇరాక్ నుంచి తెచ్చిన పగిలిన మట్టిపలకలు చదువుతుంటే గిల్గమేష్ అనే పాత రాజు గాథలో ఈ ముక్క బయటపడింది. దేవుడి హెచ్చరిక, పడవ, కొండమీద ఆగడం, పక్షుల్ని వదిలి చూడటం, అన్నీ ఉన్నాయి. అక్కడ తుఫాను ఆరు పగళ్లు ఏడు రాత్రులే. నోవహుకి వచ్చేసరికి వాన నలభై రోజులు. మా మామ్మ నీళ్లు కూడా ఇలాగే పెరిగాయి మరి.

1920ల చివర్లో లియోనార్డ్ వూలీ అనే పురావస్తు శాస్త్రవేత్త ఇరాక్‌లోని పాత ఉర్ నగరంలో తవ్వుతుంటే దాదాపు మూడు మీటర్ల మందాన శుభ్రమైన ఒండ్రు పొర తగిలింది. నోవహు ప్రళయం దొరికిందని పేపర్లు హోరెత్తాయి. తర్వాత చూస్తే చుట్టుపక్కల అన్ని చోట్లా ఆ పొర లేదు, ఉన్న ఊళ్లలో వాటి కాలాలు వేరువేరు. లంకల్లో పెరిగినవాడికి ఇందులో వింతేమీ లేదు. 86లో మా పొలంలో మోకాలెత్తు ఇసుక మేట వేసింది, పంట వేయడానికి మూడేళ్లు పట్టింది. ఏటికి అవతలి లంకలో మా మేనత్తకి మెత్తటి ఒండ్రు పడి మరుసటేడు అరటి విరగ్గాసింది. ఒకే వరద, ఒకే రోజు.

ఇక భూమి మొత్తం మునగడం సంగతి. లోకంలో ఉన్న మంచంతా కరిగినా సముద్రం పెరిగేది సుమారు 70 మీటర్లు. నోవహు ఓడ ఆగిందని చెప్పే అరారాతు కొండ ఎత్తు ఐదు వేల మీటర్లు దాటుతుంది. పైగా 17వ శతాబ్దంలో అషర్ అనే ఆర్చిబిషప్పు బైబిల్లో వంశావళులు లెక్కేసి ప్రళయం క్రీ.పూ. 2348లో అన్నాడు. ఈజిప్టులో గిజా పిరమిడ్లు అప్పటికే లేచి నిలబడ్డాయి. ఆ ఏడు నీళ్లలో పోవాల్సిన ఈజిప్టువాళ్లు ఏమీ ఎరగనట్టు తర్వాత కూడా రాజుల్ని లెక్క రాసుకుంటూనే ఉన్నారు.

మన వైపు చూసినా అంతే. శతపథ బ్రాహ్మణం అనే వేదకాలపు గ్రంథంలో మనువు పొద్దున్నే చేతులు కడుక్కుంటుంటే చేపపిల్ల చేతికి వస్తుంది, చివరికి మిగిలేది మనువు ఒక్కడే. మహాభారతంలో ఆయనతోపాటు సప్తర్షులు, అన్ని రకాల విత్తనాలూ పడవెక్కుతాయి. (ఇది చదివిన రోజు నాకు సొరబుర్ర గుర్తొచ్చి కాసేపు పేజీ తిప్పలేకపోయాను.) భాగవతంలో కథ ద్రవిడ రాజు సత్యవ్రతుడిది, పడవని చేప కొమ్ముకి కట్టడానికి వాసుకి తాడవుతాడు. అక్షరాలా నమ్మాలంటే వీటిలో దేన్ని నమ్మాలి? చెప్పినవాళ్లకి ఈ తేడాలు తెలియక కాదు, పట్టించుకోలేదంతే. బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండంలోనూ ఒకచోట ప్రతి జంతువూ జత చొప్పున, ఇంకోచోట పవిత్రమైనవి ఏడేసి చొప్పున అని ఉంటుంది. ఓడ పొడవు మాత్రం 300 మూరలని కచ్చితంగా చెప్పారు. మూర అంటే మనకి మల్లెపూలు కొలిచేది కాబట్టి చిన్నప్పుడు నాకు అదంతా పెద్ద పూలదండలా కనపడేది.

నాకు నిజంగా ఒళ్లు మండేది వేరే దగ్గర. ఉన్నదున్నట్టు నమ్మితే మునిగినవాళ్లంతా పాపాత్ములే అని కూడా నమ్మాలి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పది వేలమందికి పైగా పోయారు. మా మామ్మ చెల్లెల్ని నాగాయలంక వైపు ఇచ్చారు, వాళ్లింట్లో మిగిలింది ఒక్కడు. అదంతా పాపాల ఫలితమని ఊళ్లో ఒకాయన అరుగు మీద కూర్చుని అన్నాడట. మామ్మ ఆయనతో చచ్చేదాకా మాట్లాడలేదు. గమ్మత్తేంటంటే, శతపథ బ్రాహ్మణంలో నీళ్లు ఎందుకొచ్చాయో కారణమే చెప్పరు, వస్తున్నాయి అంతే. బాబిలోన్‌లో అత్రహాసిస్ కథలో మనుషుల గోలకి పెద్ద దేవుడికి నిద్ర పట్టలేదట. ఆదికాండంలోనే అది చెడుతనానికి శిక్ష అయింది. నీళ్లు ముందొచ్చాయి, కారణాలు తర్వాత ఎవరికి తోచినవి వాళ్లు చెప్పుకున్నారని నా నమ్మకం.

2022 జులైలో భద్రాచలం దగ్గర నీళ్లు 71.3 అడుగులకి చేరాయని వార్తల్లో వినగానే టెన్షన్‌తో తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు స్తంభం ఫొటో పంపాడు, కింద ఒకే ముక్క: "86 గీతకి జానెడు కింద ఆగింది." మామ్మ పోయి అప్పటికి పదేళ్లు. ఉండుంటే ఈసారి కూడా కొబ్బరిచెట్టు మొవ్వు దాకా అనేది.

మీ అబ్బాయికి ఏం చెప్పాలో మీ ఇష్టం. నాకూ ఒక పాప ఉంది, అది ఇంకో ప్రశ్న వేసింది: "ఓడలోకి చీమలు కూడా ఎక్కాయా నాన్నా?" ఓడ సంగతి తెలీదు గానీ, 86లో ఎర్రచీమలు ఒకదాన్నొకటి పట్టుకుని బంతిలా ముద్దకట్టి నీళ్లమీద తేలుతూ రావడం బడి డాబా పిట్టగోడ మీద నుంచి నేను చూశాను. ఆ ముద్ద వచ్చి మునగచెట్టు కొమ్మకి తగిలింది. ఒక్కొక్కటీ విడివడి చెట్టెక్కేశాయి. దానికి అదే చెప్పాను.