మిషన్ ఇచ్చే ముందు గిరాకీ చూడండి

ప్రశ్న: మహబూబ్‌నగర్ వీరన్నపేటలో మేము పదకొండు మందిమి కలిసి చిన్న సేవాసంఘం నడుపుతున్నాం. పోయినేడు చందాలు పోగేసి పన్నెండు మంది ఆడవాళ్లకు మూడు నెలలు కుట్టు నేర్పించి, తలా ఒక మిషన్ ఇచ్చాం. ఇప్పుడు చూస్తే నాలుగే నడుస్తున్నాయి. రెండు అమ్ముకున్నారు, మిగతావాటి మీద బట్టలు మడతపెట్టి పెట్టుకున్నారు. మళ్లీ మిషన్లే ఇవ్వాలా, లోన్లు ఇప్పించి షాపులు పెట్టించాలా? అమెరికాలో పేదల వాడల్లో సంస్థలు ఈ పని బాగా చేస్తాయని మా మేనల్లుడు అంటాడు. నిజమేనా?
- ఒక సభ్యురాలు

జవాబు: ముందుగా, మిషన్ అమ్ముకున్న ఆ ఇద్దరి మీద కోపం పెట్టుకోకండి. ఇంట్లో ఎవరికో జ్వరమొచ్చి ఉంటుంది, ఫీజు కట్టాల్సి వచ్చి ఉంటుంది, పని లేని మిషన్ వాళ్ల కంటికి మూలన పడున్న డబ్బులాగే కనిపిస్తుంది కదా. ఒకే వాడలో పన్నెండు మందికి ఒకే పని నేర్పితే ఒక్క జాకెట్ కోసం పన్నెండు మంది పోటీ పడతారు, రేటు పడిపోతుంది, అక్కడ ఎప్పటినుంచో కుట్టుకుని బతుకుతున్న పాత టైలరమ్మ గిరాకీ కూడా పోతుంది. మీ మనసులో లోపం లేదు, కుట్టించుకునేవాళ్లు ఎవరన్నది ఎవరూ ముందుగా అడగలేదు, అంతే.

మీ మేనల్లుడు చెప్పింది చాలావరకు నిజమే. ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ అని ఊరుంది. ఫ్యాక్టరీలు మూతపడి ఊరి నడిమి వాడలు బాగా చితికిపోయాయి, కానీ ఆ వాడల పక్కనే పెద్ద పెద్ద ఆసుపత్రులు, యూనివర్సిటీ ఉన్నాయి, వాటికి కావలసినవి మాత్రం బయటి నుంచి వచ్చేవి. క్లీవ్‌లాండ్ ఫౌండేషన్ అనే సేవాసంస్థ, ఇంకొందరు కలిసి, మీరు రోజూ కొనేది ఏమిటి, అందులో ఈ వాడవాళ్లు చేయగలిగింది ఏమిటి అని చూసుకుంటూ వచ్చారు. అలా 2009లో ఎవర్‌గ్రీన్ సహకార లాండ్రీ మొదలైంది. అందులో పనిచేసేవాళ్లే ఓనర్లు. 2018లో క్లీవ్‌లాండ్ క్లినిక్ అనే పెద్ద ఆసుపత్రి తన లాండ్రీ పనిని వాళ్ల చేతికే అప్పగించింది. అక్కడ అడుగు పడింది గిరాకీ నుంచి, మిషన్లు ఆ తర్వాత వచ్చాయి.

మన పాలమూరులో జనరల్ ఆసుపత్రి ఉంది, 2016లో మెడికల్ కాలేజీ వచ్చింది, 2008 నుంచి పాలమూరు యూనివర్సిటీ ఉంది, ఇవి కాక ప్రైవేటు నర్సింగ్ హోములు, హాస్టళ్లు, లాడ్జీలు, ఫంక్షన్ హాళ్లు. వీటన్నింటికీ బెడ్‌షీట్లు, దిండు గలీబులు, కర్టెన్లు కావాలి. సర్కారువి టెండర్ల మీద నడుస్తాయి కాబట్టి మొదట వాటి జోలికి పోకండి, ప్రైవేటు నర్సింగ్ హోములు ఓ నాలుగు తిరిగి ఏడాదికి ఎన్ని షీట్లు కొంటారో అడిగి రాసుకోండి. 120 మైక్రాన్ల కన్నా పలచని ప్లాస్టిక్ సంచులు 2022 చివర్నుంచి నిషేధం, కాబట్టి బట్టల షాపులవాళ్లను గుడ్డ సంచుల గురించి కూడా అడగొచ్చు. ప్రభుత్వ బడుల యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇస్తున్నారు, మీవాళ్లు మెప్మా కింద నడిచే పట్టణ పొదుపు సంఘాల్లో ఉంటే, ఆ సంఘాలను చూసుకునే ఆర్పీని (రిసోర్స్ పర్సన్) కలవండి. కాకపోతే అది బడులు తెరిచే ముందు వచ్చే పని, ఏడాది పొడుగునా దాన్నే నమ్ముకోలేం.

మూలన పడ్డ ఆరు మిషన్లను ఒకే గదిలో పెట్టించండి. మూడు నెలల్లో కుట్టు వస్తుంది కానీ కటింగ్ చేయి తిరగదు, అందుకని కటింగ్ మాస్టర్ ఒకరిని జీతానికి పెట్టుకోండి. నడుస్తున్న ఆ నలుగురూ ఎలా నిలబడ్డారో వాళ్ల ఇంటికి వెళ్లి అడగండి, మీకు నాకంటే వాళ్లే బాగా చెప్తారు.

మీ చందా డబ్బు నిజంగా పనికొచ్చేది బిల్లుకూ కూలికీ మధ్య వచ్చే ఎడంలో. షీట్లు ఇచ్చాక నర్సింగ్ హోమ్ నెలన్నరకు బిల్లు చెల్లిస్తుంది, కుట్టినామెకు శనివారం డబ్బులు కావాలి, ఈ ఎడంలోనే చిన్న పనులన్నీ కూలిపోతాయి. చందాలో కొంత పక్కన పెట్టి శనివారం కూలి అందులోంచి ఇవ్వండి, బిల్లు రాగానే మళ్లీ అందులో వేయండి. చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా చేయించండి, అది పూర్తిగా ఉచితం, డబ్బులడిగే ఏజెంట్లను దగ్గరికి రానివ్వకండి. చిన్న యూనిట్ దగ్గర సరుకు తీసుకున్నవాళ్లు, ఒప్పందం రాసుకున్నా సరే, 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 చట్టంలో ఉంది. లోన్ సంగతి ఆరు నెలల లెక్కపుస్తకం చేతిలో ఉన్నప్పుడు చూద్దాం.

ప్రశ్న: క్లాక్‌టవర్ దగ్గర మిర్చి బండి పెట్టుకున్నాను. గిరిగిరి ఫైనాన్స్‌లో పదివేలు రాసుకుని తొమ్మిదివేలు చేతికిస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. ఒకటి తీరగానే ఇంకోటి తీసుకుంటున్నాను. టెన్షన్‌గా ఉంటోంది. బ్యాంకు నాలాంటిదానికి ఇస్తుందా?
- ఒక అక్క

జవాబు: ఇస్తుంది అక్కా. వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది కానీ మీరు రోజూ అసలు తీరుస్తూనే ఉన్నారు, సగటున మీ చేతిలో ఉండేది నాలుగున్నర వేలే, దాని మీద వంద రోజులకు వెయ్యి అంటే నెలకు నూటికి ఆరున్నర రూపాయల పైన పడుతోంది. వీధి వ్యాపారుల కోసం పీఎం స్వనిధి పథకం 2020లో వచ్చింది, దాన్ని 2030 మార్చి దాకా పొడిగించారు. మొదటి విడత 15 వేల దాకా ఇస్తారు, తాకట్టు అవసరం లేదు, టైంకు కడితే 7 శాతం వడ్డీ రాయితీ మీ ఖాతాలో పడుతుంది. అది తీరిస్తే 25 వేలు, ఆ తర్వాత 50 వేలు. వీధి వ్యాపారుల గుర్తింపు కార్డు లేకపోతే కార్పొరేషన్ ఆఫీసులో సిఫారసు లేఖ అడగండి, ఒక్కరే వెళ్లకుండా పక్క బండ్లవాళ్లను నలుగురిని వెంట తీసుకెళ్లండి. ఆ డబ్బు నూనెకు, శనగపిండికి, గ్యాస్‌కే వాడండి, ఇప్పుడున్న గిరిగిరి వంద రోజులు నిండిన రోజు ఇంకో కాగితం మీద సంతకం పెట్టకండి.