స్లో కుక్కర్‌లో మటన్: లోలో పెట్టాలా, హైలో పెట్టాలా?

ప్రశ్న: ఇద్దరివీ షిఫ్టు డ్యూటీలని, కరెంటు మీద గంటల తరబడి నిదానంగా ఉడికించే స్లో కుక్కర్ కొన్నాం. దానికి లో, హై అని రెండు సెట్టింగులున్నాయి. లోలో ఆరు గంటలు పెడితే మటన్ ముక్క రబ్బరులా సాగింది. హైలో ఎనిమిది గంటలు ఉంచితే పీచుపీచుగా విడిపోయింది, పైగా కూరంతా నీళ్లే. ఏది ఎంతసేపు పెట్టాలి?
- ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: చాలా కుక్కర్లలో లో పెట్టినా హై పెట్టినా కూర చివరికి చేరే వేడి దాదాపు ఒకటేనండీ, మరుగుకి కాస్త అటూ ఇటూ. హైలో అక్కడికి తొందరగా చేరుతుంది, లోలో నిదానంగా చేరుతుంది, అంతే. అందుకే మొదటిసారి మీకు టైమ్ చాల్లేదు, రెండోసారి మరీ ఎక్కువైంది.

ముక్కని గట్టిగా పట్టి ఉంచేది అందులోని కొలాజెన్ అనే ప్రోటీన్. వేడి 70 డిగ్రీలు దాటాక అది మెల్లగా కరిగి జిలటిన్ అవుతుంది, గ్రేవీ వేలికి జిగురుగా తగిలేది దాని వల్లే. దానికి గంటలు పడుతుంది కాబట్టి సాగుతున్న ముక్కని చూసి పాడైపోయిందని టెన్షన్ పడకండి, మూత పెట్టి ఇంకో గంట వదిలేయండి. అలాగని ఎంతసేపైనా ఉంచకూడదు, కొలాజెన్ అంతా కరిగిపోయాక ఇక మిగిలేది పీచే.

బొమికతో ఉన్న మటన్‌కి లోలో 8 గంటలు, హైలో 4 నుంచి 5 గంటలు పెట్టి చూడండి. నాటుకోడికి లోలో 6 గంటలు, బ్రాయిలర్‌కి 4 చాలు. మేక ముదురుదైతే ఇంకో గంట పట్టొచ్చు, గరిటె అంచుతో నొక్కితే ముక్క తెగాలి, అదే లెక్క. ఆదివారం కొట్టుకి వెళ్లినప్పుడు జబ్బ, మెడ ముక్కలు అడిగి కొట్టించుకోండి, ఎక్కువసేపు ఉడికేకొద్దీ రుచి పెరిగేవి అవే. కొవ్వు లేని మెత్తటి ముక్కలు దీనికి పనికిరావు, పొడిబారిపోతాయి.

ఇక నీళ్ల సంగతి. ఇందులో ఆవిరి బయటికి పోదు, ముక్క కూడా నీరు వదులుతుంది, కాబట్టి మామూలుగా పోసేదాంట్లో సగం కూడా పోయకండి. ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి ముద్ద ముందే మూకుట్లో ఎర్రగా వేయించి, మటన్‌ని కూడా ఒకసారి తిప్పి అప్పుడు కుక్కర్లోకి మార్చండి, ఆ పది నిమిషాలకి బద్ధకిస్తే కూరకి ఉడకబెట్టిన వాసనే వస్తుంది. దించాక పల్చగా ఉంటే పొయ్యి మీద ఇగరబెట్టేయండి. పెరుగు, కొబ్బరిపాలు చివరి అరగంటలోనే వేయాలి, ముందే వేస్తే విరిగిపోతాయి.

మాటిమాటికీ మూత తీయకండి, తీసినప్పుడల్లా పోయిన వేడి తిరిగి రావడానికి ఓ ఇరవై నిమిషాలు పడుతుంది. ఫ్రీజర్లోంచి తీసిన గడ్డని అలాగే వేయొద్దు, వేడెక్కేలోపు అది చాలాసేపు గోరువెచ్చగా ఉండిపోతుంది, క్రిములు పెరిగేది అప్పుడే. మీరు డ్యూటీలో ఉండగా కరెంటు పోయి, ఎంతసేపు పోయిందో తెలియకపోతే, చూడ్డానికి బాగానే ఉన్నా ఆ కూర తినకండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అక్క స్లో కుక్కర్ తెచ్చింది. ప్లగ్ అడాప్టర్ పెట్టి వాడుకోవచ్చా?
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: వద్దండీ. అడాప్టర్ పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, కరెంటుని కాదు. అక్కడ 120 వోల్టులు, మన దగ్గర 230, పెట్టగానే కాలిపోతుంది. అడుగున చూడండి, 120 అని మాత్రమే ఉంటే వోల్టేజిని 230 నుంచి 120కి తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది కుక్కర్ వాట్స్ కంటే ఎక్కువ సామర్థ్యం ఉన్నదై ఉండాలి. గంటల తరబడి ఆన్‌లో ఉండే వస్తువు కాబట్టి దానికి అంత ఖర్చు పెట్టే బదులు ఇక్కడ ఒకటి కొనుక్కోవడమే మేలు.