పాఠకుల ప్రశ్నలు: ఆ నవల మా అమ్మాయి చదవవచ్చా?

ప్రశ్న: ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి జాన్ గ్రీన్ నవల ‘ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’ రెండోసారి చదివి మళ్లీ ఏడ్చింది. క్యాన్సర్ వచ్చిన పిల్లల ప్రేమకథ అని తెలిసి నాకు భయం వేసింది. ఈ వయసులో ఇటువంటివి చదవనివ్వవచ్చా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, పుస్తకం లాక్కోకండి. వీలైతే మీరూ చదవండి. 2012లో వెలువడిన ఈ నవలలో పదహారేళ్ల హేజెల్‌కు థైరాయిడ్ క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకి ఉంటుంది. ఆక్సిజన్ సిలిండర్‌ను చిన్న బండి మీద వెంట లాక్కుంటూ తిరుగుతుంది. పదిహేడేళ్ల అగస్టస్ ఎముక క్యాన్సర్ వల్ల ఒక కాలు పోగొట్టుకున్నవాడు. మీ తరం చూసిన ‘గీతాంజలి’లోనూ నాయికా నాయకులిద్దరూ జబ్బు మనుషులే గాని, అక్కడ ఊటీ మంచూ ఇళయరాజా పాటలూ ఆ జబ్బును చాలావరకు కప్పివేశాయి. జాన్ గ్రీన్ ఏదీ కప్పడు. నవల చివరి భాగంలో అగస్టస్, తన సిగరెట్ ప్యాకెట్ తానే కొనుక్కోవాలన్న పంతంతో (అతడు ఏనాడూ వాటిని వెలిగించడు, ఊరికే పెదాల మధ్య పెట్టుకుంటాడు) రాత్రివేళ ఒంటరిగా కారులో పెట్రోల్ బంకుకు వెళ్తాడు. పొట్టకు అమర్చిన గొట్టం దగ్గర చీము పట్టి, వాంతి చేసుకుని, అంబులెన్సును పిలవవద్దని హేజెల్‌ను బతిమాలుతాడు. రోగిని త్యాగమూర్తిని చేయకుండా, అవమానపడుతున్న కుర్రవాడిగా చూపించడమే ఈ నవల గొప్పతనమని నా అభిప్రాయం. రచయిత యువకుడిగా ఉండగా కొంతకాలం పిల్లల ఆసుపత్రిలో చాప్లిన్‌గా, అంటే రోగులకూ వారి కుటుంబాలకూ ఆధ్యాత్మికంగా ఊరట చెప్పేవాడిగా పనిచేశారు. అక్కడ చూసినదేదో ఈ పేజీల్లోకి వచ్చి ఉంటుంది.

మీరు చదవాలన్నది మాత్రం అగస్టస్ కోసం కాదు, హేజెల్ తల్లి కోసం. కూతురు ఐసీయూలో ఉన్నప్పుడు, ఇక తాను అమ్మను కాకుండా పోతానని ఆమె భర్తతో అంటూ ఏడుస్తుంది. ఆ మాట హేజెల్ చెవిన పడి, ఏళ్ల తరబడి గుచ్చుకుంటూనే ఉంటుంది. తీరా చూస్తే ఆ తల్లి సోషల్ వర్క్ కోర్సు రహస్యంగా చదువుకుంటోంది. తాను లేని రోజుల కోసం అమ్మ సిద్ధపడుతోందని బిడ్డ అనుకుంటుందేమోనన్నది ఆమె బెంగ. సంగతి తెలిసిన హేజెల్ నొచ్చుకోదు సరికదా, పొంగిపోతుంది. మీ అమ్మాయి ఏ పేజీ దగ్గర ఏడ్చిందో ఒకసారి అడిగి చూడండి. అది ప్రేమ సన్నివేశమే అయి ఉండనక్కరలేదు.

ప్రశ్న: ఇదే నవలలో హేజెల్‌ను బతికిస్తున్న ‘ఫాలాంక్సిఫర్’ మందు మన దగ్గర దొరుకుతుందా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: ఎక్కడా దొరకదు. అది కల్పితమని రచయితే చెప్పారు. మీ ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ అని తేలి అడుగుతున్నట్లయితే, హేజెల్ పరిస్థితిని కొలమానంగా తీసుకోకండి. ఆ క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే రకాలు శస్త్రచికిత్సకూ రేడియో అయొడిన్ (రేడియోధార్మిక అయొడిన్) మందుకూ బాగా లొంగుతాయి.